తెర అంచున ఒక చిన్న పట్టీ

గుంటూరు మిర్చి యార్డులో కాటా వేసే మనిషిని ఎప్పుడైనా గమనించారా? టిక్కీని కాటా మీదికి ఎక్కించే ముందు అతడు అంకెలు కనబడే చోటికి ఒకసారి చూస్తాడు. అక్కడ సున్నా ఉండాలి. ఖాళీ కాటాయే రెండు కిలోలు చూపిస్తూ ఉంటే, ఆ తరువాత తూచిన ప్రతి టిక్కీ బరువూ తప్పే అవుతుంది. అంటే, బరువు చూసే ముందు కాటా ఏ స్థితిలో ఉన్నదో చూడాలన్న మాట.

ట్రాక్టరు విషయమూ ఇంతే. దున్నడం దాని పని. కానీ డీజిలు ఎంత ఉంది, ఇంజను ఎంత వేడెక్కింది అనే సంగతులు చక్రం వెనుక ఉన్న ముళ్లు చెబుతాయి. యంత్రం చేసే పని వేరు, యంత్రం ఉన్న స్థితి వేరు. పనిని మాత్రమే చూసి స్థితిని చూడనివాడు ఎప్పుడో ఒకప్పుడు చేను మధ్యలో ఆగిపోతాడు.

కంప్యూటరులో నడిచే ప్రోగ్రాములకు కూడా ఇటువంటి ముళ్లే ఉన్నాయి. అవి తెర అడుగున సన్నని గీతలాంటి స్థలంలో ఉంటాయి. దానినే ఇంగ్లీషులో స్టేటస్ బార్ అంటారు, తెలుగులో స్థితి పట్టీ అనవచ్చు. దానిలో ఏమి కనబడాలో మనమే నిర్ణయించుకోవచ్చు. ఆ నిర్ణయం సరిగా చేసుకుంటే మిర్చి లెక్కలో పోయిన ఒక టిక్కీని ఎలా పట్టుకోవచ్చునో ఈ పాఠంలో చూద్దాం.

పట్టీ ఎందుకు వచ్చింది?

ఒకే మీట నొక్కినా కంప్యూటరు అన్నివేళలా ఒకే పని చేయదు. కీబోర్డుకు కుడివైపున అంకెల మీటలు గుంపుగా ఉంటాయి కదా! నమ్ లాక్ వేసి ఉంటే అక్కడి 4 నొక్కినప్పుడు 4 పడుతుంది. నమ్ లాక్ తీసి ఉంటే అదే మీట గుర్తును ఎడమవైపు గడికి జరుపుతుంది. 2 నొక్కితే కిందికి జరుపుతుంది. అంటే మీరు 42 అని కొట్టామనుకుంటారు. కంప్యూటరు మాత్రం ఒక గడి ఎడమకు, ఒక గడి కిందికి పోయి ఊరుకుంటుంది. తరువాత కొట్టిన అంకె వేరే గడిలో పడుతుంది. ఇలా ఒకే మీటకు వేరువేరు అర్థాలు ఉండే స్థితులను మోడ్‌లు అంటారు.

ఈ మోడ్‌ల వల్ల ఎంత ప్రమాదమో చెప్పే ఒక ప్రసిద్ధమైన కథ ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో జెరాక్స్ పార్క్ అనే పరిశోధనాలయం ఉండేది. అక్కడ 1974లో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమొన్యీ అనే శాస్త్రజ్ఞుల ఆధ్వర్యంలో బ్రావో అనే రాత ప్రోగ్రాము తయారైంది. అందులో రెండు స్థితులు ఉండేవి. ఒకటి ఆదేశాలు ఇచ్చే స్థితి, రెండవది అక్షరాలు రాసే స్థితి. ఒకడు రాసే స్థితిలో ఉన్నాననుకొని 'ఎడిట్' అనే ఇంగ్లీషు మాటను కొట్టాడట. నిజానికి యంత్రం ఆదేశాల స్థితిలో ఉంది. ఆ మాటలో ఇంగ్లీషు అక్షరాలు నాలుగు: ఇ, డి, ఐ, టి. 'ఇ' అంటే రాసినదంతా ఎంచుకో. 'డి' అంటే చెరిపివేయి. 'ఐ' అంటే రాయడం మొదలుపెట్టు. మిగిలింది 'టి'. కాబట్టి పేజీలకు పేజీలు పోయి, తెర మీద ఒక్క 'టి' అక్షరం నిలిచింది!

అదే పరిశోధనాలయంలో పనిచేసిన లారీ టెస్లర్ ఇటువంటి మోడ్‌లే ఉండకూడదని జీవితమంతా వాదించాడు. తన కారు నంబరు పలక మీద కూడా 'నో మోడ్స్' అని పెట్టుకున్నాడు. ఆయన 2020లో కన్నుమూశాడు. మోడ్‌లు పూర్తిగా పోలేదు గాని, అవి ఉన్నచోట యంత్రం ఏ స్థితిలో ఉన్నదో మనిషికి కనబడాలి అనే నియమం మాత్రం స్థిరపడింది. 1994లో జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు మంచి ప్రోగ్రాముకు ఉండవలసిన పది లక్షణాలను ప్రకటించాడు. వాటిలో మొట్టమొదటిది ఇదే.

గడుల కాగితంలో స్థితి పట్టీ

పద్దుల పుస్తకంలో అడ్డగీతలు, నిలువుగీతలు గీసి గడులు చేస్తాం. కంప్యూటరులో ఇటువంటి గడుల కాగితాన్ని స్ప్రెడ్‌షీట్ అంటారు. వ్యక్తిగత కంప్యూటర్ల కోసం తయారైన మొదటి స్ప్రెడ్‌షీట్ విసికాల్క్. దీనిని డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేయగా 1979లో వెలువడింది. 1983లో లోటస్ 1-2-3 వచ్చింది. దాని తెర పైభాగాన ఒక మూలలో 'రెడీ' అనే మాట వెలుగుతూ ఉండేది. యంత్రం పనిలో మునిగి ఉంటే అక్కడే 'వెయిట్' అని వచ్చేది. తెర అడుగున నమ్ లాక్, క్యాప్స్ లాక్ వేసి ఉన్నాయో లేదో తెలిపే గుర్తులు ఉండేవి. 1985లో మెకింటాష్ యంత్రాలకూ, 1987లో విండోస్‌కూ ఎక్సెల్ వచ్చింది.

నేటి ఎక్సెల్‌లో పట్టీ ఎడమ చివర చూడండి. ఏ పనీ చేయనప్పుడు 'రెడీ' అని ఉంటుంది. గడిలో కొత్తగా అంకె కొట్టడం మొదలుపెట్టగానే 'ఎంటర్' అని మారుతుంది. ఉన్న అంకెను సరిదిద్దుతున్నప్పుడు 'ఎడిట్' అని వస్తుంది. ఈ రెండు స్థితులలో తెర పైభాగాన ఉన్న మీటలు చాలావరకు మసకబారి పనిచేయవు. యంత్రం చెడిపోయిందని చాలామంది కంగారుపడతారు. చెడిపోలేదు. పట్టీ వైపు చూసి, ఎంటర్ మీట నొక్కి గడిలో పని ముగిస్తే సరిపోతుంది.

బాణం గుర్తు మీటలు నొక్కితే గడి మారకుండా కాగితం మొత్తం జరిగిపోతున్నదా? అయితే స్క్రోల్ లాక్ పడి ఉంటుంది. ఆ సంగతి కూడా పట్టీయే చెబుతుంది.

మనకు కావలసినవి ఎంచుకోవడం

పట్టీలో చోటు కొద్ది. అందువల్ల తయారుచేసినవారు ముందుగా కొన్నింటినే చూపి, మిగిలినవాటిని దాచి ఉంచుతారు. ఎక్సెల్‌లో అంకెలున్న కొన్ని గడులను ఎంచుకుంటే సాధారణంగా సగటు, కౌంట్, మొత్తం అనే మూడు కనబడతాయి. పూర్వం ఒకసారికి ఒక్క లెక్క మాత్రమే కనబడేది. 2007 నాటి ఎక్సెల్ నుంచి ఒకేసారి అనేకం చూపుకొనే వీలు కలిగింది. దాచి ఉన్నవాటిని బయటికి తెచ్చే పద్ధతి ఇది:

1. మౌస్ గుర్తును తెర అడుగున ఉన్న పట్టీ మీదికి తీసుకొనిపోండి.

2. మౌస్ కుడి మీట నొక్కండి. పొడవైన జాబితా ఒకటి తెరుచుకుంటుంది.

3. టిక్కు గుర్తు ఉన్నవి పట్టీలో కనబడేవి, గుర్తు లేనివి దాగి ఉన్నవి. న్యూమరికల్ కౌంట్, మినిమమ్, మాక్సిమమ్, నమ్ లాక్ అనే వాటి పక్కన గుర్తు లేకపోతే ఒక్కొక్క దాని మీద నొక్కి గుర్తు పెట్టండి.

4. జాబితా బయట ఎక్కడైనా నొక్కితే అది మూసుకుంటుంది.

ఇక మీరు గడులను ఎంచుకున్న ప్రతిసారీ ప్రోగ్రాము ఆ గడులను తిరిగి లెక్కించి ఫలితాన్ని పట్టీలో వేస్తుంది. ఈ ఎంపిక ఆ కంప్యూటరులో మీ ఖాతాకు గుర్తుండిపోతుంది. రేపు తెరిచినా అలాగే ఉంటుంది. కాని అది మీ ఫైలుతో పాటు ప్రయాణం చేయదు. అదే ఫైలును మరొకరి కంప్యూటరులో తెరిస్తే వారి పట్టీ వారికి ఉన్నట్లే ఉంటుంది. కాబట్టి కొత్త యంత్రం ముందు కూర్చున్నప్పుడు పట్టీని మళ్లీ చూసుకోవాలి.

పది టిక్కీల పరీక్ష

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కల్లంలో ఎండిన మిర్చిని తాలు కాయలు ఏరి, టిక్కీలకెత్తి యార్డుకు పంపారనుకుందాం. కాటా చీటీలో పది బరువులు ఉన్నాయి. ఇంట్లో చదువుకున్నవారు మీరే కాబట్టి ఆ అంకెలను కంప్యూటరులో ఎక్కించమని మీ నాన్నగారు చెప్పారనుకుందాం. అంకెలు కిలోలలో ఇవి:

42, 44, 41, 43, 40, 45, 42, 43, 44, 41

చేత్తో కూడండి. 425 కిలోలు వస్తుంది. సగటు 42.5 కిలోలు.

వీటిని ఒకే నిలువు వరుసలో ఒకదాని కింద ఒకటి కొట్టండి. అయితే అయిదవ గడిలో 40కి బదులు 4 కొట్టి, దాని పక్కన సున్నాకు బదులు ఇంగ్లీషు అక్షరం 'ఓ' కొట్టండి. చూడడానికి రెండూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. తొందరలో రాసేవారికి ఇటువంటి పొరపాటు జరగడం వింత కాదు. ఇప్పుడు పది గడులనూ ఎంచుకొని పట్టీ చూడండి. శీర్షిక ఉన్న గడిని మాత్రం కలపకండి.

మొత్తం 385 అని వస్తుంది. సగటు సుమారు 42.78 అని వస్తుంది.

ఏమి జరిగింది? అక్షరం కలిసిన గడిని ప్రోగ్రాము అంకెగా తీసుకోలేదు, మాటగా తీసుకొన్నది. మాటలను కూడలేదు కనుక దానిని వదిలి మిగిలిన తొమ్మిదింటిని కూడింది. తప్పు ఉన్నదని అరవలేదు, ఎర్రదీపం వెలిగించలేదు. నలభై కిలోల మిర్చి నిశ్శబ్దంగా లెక్క నుంచి జారిపోయింది. క్వింటాలు ధర 15,000 రూపాయలు అనుకుంటే ఆ ఒక్క అక్షరం ఖరీదు 6,000 రూపాయలు! ఏడాది పొడవునా ఎరువులకు, పురుగుమందులకు, కోత కూలీలకు ఖర్చుపెట్టిన ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

సగటును చూసి ఈ తప్పు కనిపెట్టగలమా? లేము. 42.78 అనేది టిక్కీకి నమ్మదగిన బరువే. పైగా అసలు సగటు కంటె కాస్త ఎక్కువగా, ముచ్చటగా ఉంది. 385 అనే మొత్తం కూడా చూడగానే అనుమానం కలిగించదు.

ఇప్పుడు మీరు గుర్తు పెట్టి తెచ్చుకొన్న రెండు లెక్కల వైపు చూడండి. కౌంట్ 10 అంటున్నది. న్యూమరికల్ కౌంట్ 9 అంటున్నది. కౌంట్ అంటే ఏదో ఒకటి రాసి ఉన్న గడుల సంఖ్య. న్యూమరికల్ కౌంట్ అంటే అంకె ఉన్న గడుల సంఖ్య. రెండింటికీ తేడా 1. అంటే ఒక గడిలో అంకెలా కనబడుతున్న మాట దాగి ఉంది. దొంగ ఉన్నాడని తెలిసింది, ఇక పట్టుకోవడం తేలిక. మనం ఏ మార్పూ చేయని గడులలో అంకెలు కుడి అంచుకు, మాటలు ఎడమ అంచుకు చేరి ఉంటాయి. అందరూ కుడివైపు నిలబడితే ఎడమవైపు ఒంటరిగా నిలబడ్డవాడే మన దొంగ! '40 కిలోలు' అని గడిలో రాసినా ఇదే జరుగుతుంది. గడిలో అంకె మాత్రమే ఉండాలి. కిలోలు అనే మాట పైన శీర్షికలో ఉండాలి.

ఒక్కొక్క తప్పుకు ఒక్కొక్క ముల్లు

అయిదవ గడిని సరిదిద్ది 40 చేయండి. ఇప్పుడు మొదటి గడిలో 42కు బదులు 420 కొట్టండి. కౌంట్ 10, న్యూమరికల్ కౌంట్ 10. అవి రెండూ బాగానే ఉన్నాయంటున్నాయి. కాని మాక్సిమమ్, అంటే గరిష్ఠ విలువ, 420 అని చూపుతుంది. 420 కిలోల టిక్కీ ఈ లోకంలో లేదు. తప్పు దొరికింది. 44కు బదులు 4 మాత్రమే పడితే మినిమమ్, అంటే కనిష్ఠ విలువ, 4 అని చూపి పట్టిస్తుంది.

ఒక గడి ఖాళీగా వదిలేస్తే? అప్పుడు కౌంట్, న్యూమరికల్ కౌంట్ రెండూ 9 అంటాయి. వాటిలో వాటికి తేడా లేదు. కాని కాటా చీటీలో టిక్కీలు పది. ఇక్కడ పట్టీని బయటి లోకంతో పోల్చాలి.

ప్రత్తి విషయంలో గరిష్ఠ విలువ అవసరం ఇంకా బాగా తెలుస్తుంది. భారత ప్రత్తి సంస్థ మద్దతు ధరకు కొనేటప్పుడు తేమ 8 శాతం వరకు పూర్తి ధర ఇస్తుంది. ఆపైన 12 శాతం వరకు ధర తగ్గిస్తుంది. 12 దాటితే కొనదు. ఆరు బోరేలలో తేమ శాతాలు 8, 9, 8, 9, 8, 15 అనుకుందాం. సగటు 9.5. సగటును మాత్రమే చూసినవాడు ప్రత్తి అంతా పనికివస్తుందనుకుంటాడు. గరిష్ఠం 15 అని చూసినవాడు ఆ ఒక్క బోరేన్ని విప్పి ఆరబెట్టిన తరువాత బయలుదేరుతాడు. సగటు అనేది అందరి గురించి చెబుతుంది గాని ఏ ఒక్కరి గురించీ చెప్పదు.

అందుచేత పట్టీలో ఏమి పెట్టుకోవాలనేది అందం కోసం చేసే పని కాదు. ఏ తప్పు జరిగే అవకాశం ఉన్నదో ముందుగా ఆలోచించి, ఆ తప్పును చూపే ముల్లును కంటి ముందు పెట్టుకోవడమే ఆ పని. అలాగని జాబితాలో ఉన్నవన్నీ గుర్తు పెట్టకండి. ఇరవై ముళ్లు ఉంటే కన్ను దేనినీ చూడదు. బరువులు ఎక్కించేవారికి కౌంట్, న్యూమరికల్ కౌంట్, మినిమమ్, మాక్సిమమ్, మొత్తం, నమ్ లాక్ చాలు. వ్యాసం రాసేవారికి రాత ప్రోగ్రాము పట్టీలో మాటల సంఖ్య, పేజీ సంఖ్య ఉంటే చాలు.

ఒకే పేరు, రెండు అర్థాలు

మీ పాఠశాలలో ఉచితంగా లభించే లిబ్రేఆఫీస్ ఉండవచ్చు. ఇది 2010లో మొదలైంది. అందులోని గడుల కాగితాన్ని కాల్క్ అంటారు. దాని పట్టీలో లెక్క కనబడే చోట మౌస్ కుడి మీట నొక్కితే ఇటువంటి జాబితాయే వస్తుంది. కాని ఒక జాగ్రత్త అవసరం. ఎక్సెల్ పట్టీలో కౌంట్ అంటే ఏదైనా రాసి ఉన్న గడుల సంఖ్య అని చెప్పుకొన్నాం. కాల్క్‌లో దానిని కౌంట్-ఎ అంటారు. కాల్క్‌లో కౌంట్ అంటే అంకెలున్న గడుల సంఖ్య మాత్రమే. ఒక ఊళ్లో నేర్చుకొన్న మాటకు పక్క ఊళ్లో వేరే అర్థం ఉన్నట్లే ఇదీ. పేరును నమ్మకుండా, పైన చేసిన పది టిక్కీల పరీక్ష చేసి చూస్తే ఏది ఏమిటో తేలిపోతుంది. కొలిచే ముందు కొలబద్దనే పరీక్షించడం శాస్త్రీయ పద్ధతి.

పట్టీ చేయలేని పనులు

మొదటిది: పట్టీలో కనబడే మొత్తం కాగితంలో నిలవదు. వేరే గడి నొక్కగానే మాయమవుతుంది, అచ్చులోనూ రాదు. నిలిచి ఉండవలసిన మొత్తానికి వరుస కింద ఒక గడిలో సమ్ అనే సూత్రం రాయాలి. పట్టీని ఆ ఫలితంతో సరిచూసుకోవడానికి వాడాలి.

రెండవది: 42కు బదులు 43 కొడితే పట్టీలోని ఏ ముల్లూ దానిని పట్టలేదు. 43 కూడా అంకే, నమ్మదగిన బరువే. అటువంటి తప్పుకు మందు ఒక్కటే. ఒకరు కాటా చీటీ చదువుతూ ఉంటే మరొకరు తెర మీద అంకెలు చూసుకోవాలి.

2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ అనే జాతీయ వ్యవసాయ విపణి ప్రారంభమైనప్పటి నుంచి మార్కెట్ యార్డుల లెక్కలలో కంప్యూటరు పాత్ర పెరుగుతూ వచ్చింది. లెక్క యంత్రం చేసినంత మాత్రాన అది సరైనదని అర్థం కాదు. యంత్రం తనకు ఇచ్చినదానిని తప్పులేకుండా కూడుతుంది. తనకు ఇచ్చినది ఏమిటో చూసుకోవలసినవారు మనుషులే.

ఆలోచించండి

1. ఎనిమిది గడులు ఎంచుకుంటే పట్టీలో 'కౌంట్ 8' ఒక్కటే కనబడింది. మొత్తం, సగటు కనబడలేదు. కారణం ఏమిటి?

2. పన్నెండు టిక్కీలకు కౌంట్ 12, న్యూమరికల్ కౌంట్ 12, మినిమమ్ 39, మాక్సిమమ్ 45 అని పట్టీలో ఉంది. కాగితం మీద ఎవరో మొత్తం 380 కిలోలు అని రాశారు. మళ్లీ కూడకుండానే అది తప్పని చెప్పగలరా?

3. శీర్షిక గడితో సహా ఎంచుకుంటే కౌంట్‌కు, న్యూమరికల్ కౌంట్‌కు ఎంత తేడా వస్తుంది?

జవాబులు: 1. ఎనిమిది గడులలో ఉన్నవన్నీ మాటలే, ఒక్క అంకె కూడా లేదు. 2. చెప్పవచ్చు. అన్నీ కనిష్ఠ బరువైన 39 కిలోలే ఉన్నా 12 టిక్కీలకు 468 కిలోలు కావాలి. 3. అంకెలన్నీ సరిగా ఉంటే ఒకటి. శీర్షిక మాటే కనుక దానిని న్యూమరికల్ కౌంట్ లెక్కించదు.